పెయింట్ డబ్బా విప్పడానికి ఎవరి పర్మిషన్ కావాలి?

కిందటి సంచికలో ఒకరు "మతం వదిలేశాక సెలవు రోజున ఏం చేయాలో తోచట్లేదు" అని రెండు లైన్లు రాస్తే, నేనూ రెండు లైన్లలోనే జవాబు చెప్పి పక్కకు జరిగాను. అది తప్పని ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు చూశాక అర్థమైంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే. ఎవరి పేరూ, ఏ మతం పేరూ వేయడం లేదు. రాసినవాళ్లు పెరిగిన మతాలు వేరువేరు, కానీ ఉత్తరాలు పక్కపక్కన పెట్టి చదివితే ఒకే ఇంటి తోబుట్టువులు రాసినట్టున్నాయి.

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్లు. పుట్టినప్పటి నుంచి చాలా కట్టుదిట్టమైన మతశాఖలో పెరిగాను. కథల పుస్తకాలు, ఆటలు, బొమ్మలు వేయడం, అన్నీ పాపం కిందికే వచ్చేవి. కాసేపు ఊరికే కూర్చుంటే "నీ టైమ్ నీది కాదు, దేవుడిది" అనేవారు. రెండేళ్ల క్రితం బయటికి వచ్చేశాను. నమ్మకం పోయింది, ఆ విషయంలో నాకు డౌట్ లేదు. కానీ ప్రార్థన రోజు వచ్చిందంటే ఇప్పటికీ పొద్దున ఐదింటికే మెలకువ వచ్చేస్తుంది, ఇక రోజంతా ఎక్కడికో లేటయిపోతున్నట్టు టెన్షన్. ఆరు నెలల క్రితం వాటర్ కలర్స్ కొనుక్కున్నాను, చిన్నప్పటి కోరిక. ఇంతవరకూ పైన ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు. ఒంటరిగా ఉండే ఇంట్లో వాటిని బీరువాలో బట్టల వెనక దాచాను! రెండు మూడుసార్లు బయటికి తీశాను. ముందు ఇల్లు తుడిచి, గిన్నెలు కడిగి, బట్టలు మడతపెట్టి, అప్పటికి చీకటిపడిందని మళ్లీ లోపల పెట్టేశాను. నమ్మనిదానికి భయం ఎందుకు? నేను లోపల ఎక్కడో ఇంకా నమ్ముతున్నానా?

జవాబు: లేదమ్మా, మీరు నమ్మట్లేదు. భయపడుతున్నారు. ఈ రెండూ ఒకటేనని మనకు నేర్పారు కాబట్టి తేడా కనపడదు.

నమ్మకం అనేది మీరు ఆలోచించి, చదివి, రాత్రుళ్లు మీతో మీరే వాదించుకుని వదిలించుకున్నారు. కానీ ఖాళీగా కూర్చుంటే గుండె దడదడలాడటం మీకెవరూ వాదించి నేర్పలేదు కదా, నాలుగేళ్ల వయసులో ఒక చూపుతో, ఒక గదమాయింపుతో, రోజూ చేయించి చేయించి ఒంటికి పట్టించారు. వాదనతో రానిది వాదనతో పోదు. "దేవుడు లేడు కాబట్టి బొమ్మ వేయొచ్చు" అని మీరు వందసార్లు అనుకున్నా ఒంటికి ఎక్కదు. ఒంటికి ఎక్కేది ఒక్కటే: బొమ్మ వేశాను, ఏమీ కాలేదు. మళ్లీ వేశాను, మళ్లీ ఏమీ కాలేదు.

నా సంగతి చెప్తాను. నేనూ 29వ ఏడు వరకు అలాంటి చోటే ఉన్నాను. మాకు పేకముక్క తాకడమే తప్పు. బయటికొచ్చిన ఏడాదికి ఒక పేక దస్తా కొన్నాను, జూదానికి కాదు, ఒక్కళ్లే కూర్చుని ఆడుకునే ఆట ఉంటుందని విని. కలపడం రాదు. ముక్కలు చేతిలోంచి జారి బరబరా నేల మీద పడితే, ఆ చప్పుడుకి నా చూపు టక్కున తలుపు వైపు పోయింది. తలుపుకి గడియ పెట్టే ఉంది. పైగా ఆ ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. ఆట అయ్యాక వెళ్లి చేతులు కడుక్కున్నాను, సబ్బు పెట్టి! ఆడిన ప్రతిసారీ అంతే. ఐదారు వారాలు గడిచాక ఒకరోజు చేతులు కడగడం మర్చిపోయాను, మర్చిపోయానన్న సంగతి కూడా మర్నాడు గానీ గుర్తు రాలేదు. ఆ మధ్యలో నేను పెద్దగా చేసిందేమీ లేదు, భయపడుతూనే ఆడాను, అంతే.

ఇలా ప్రతి చిన్నదానికీ పాపం తగులుతుందేమోనని సతమతమవడాన్ని ఇంగ్లీషులో స్క్రుపులాసిటీ అంటారు. ఆ మాట లాటిన్‌లో 'స్క్రుపులస్' నుంచి వచ్చింది, చిన్న పదునైన రాయి అని అర్థం. మనం చెప్పులో రాయి అంటామే, అచ్చంగా అదే. రాయి చిన్నదే, కానీ నడిచినంతసేపూ ధ్యాస దాని మీదే.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. ఏది పాపం అనే లిస్టును మనుషులే రాస్తారు, మనుషులే కొట్టేస్తారు. ఇరాన్‌లో 1979 విప్లవం తర్వాత చదరంగాన్ని నిషేధించారు. 1988లో పందెం లేకపోతే ఆడుకోవచ్చని ఆ విప్లవ నాయకుడు అయతొల్లా ఖొమేనీయే చెప్పారు. అవే 64 గళ్లు, అదే గుర్రం, అదే ఏనుగు. మధ్యలో తొమ్మిదేళ్లు దాన్ని తలుచుకుని లెంపలేసుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారో ఆలోచించండి.

ఇక మీరు చేయాల్సింది. గిన్నెలు ముందు కడగకండి. నిజంగానే చెప్తున్నాను, అసలు కిటుకంతా అక్కడే ఉంది. ముందు పని, ఆ తర్వాత అర్హత సంపాదించుకుంటే ఆట అన్న లెక్కలో మీరు ఇంకా ఉన్నారు, ఆ అర్హత ఏ రోజుకీ రాదు, ఎందుకంటే ఇంటిపని ఏ రోజుకీ అవదు. సింక్‌లో గిన్నెలు అలాగే ఉండగా, వాటికేసి చూస్తూ కవర్ చింపండి. మొదటిసారి ప్రార్థన రోజున వద్దు, మామూలు రోజున చేయండి, పోరాటం కాస్త తేలికవుతుంది. పావుగంట చాలు. బొమ్మ వేయాలని కూర్చోకండి. కాగితం మొత్తం తడిపి, ఒక మూల నీలం చుక్క, ఇంకో మూల పసుపు చుక్క వేసి, కాగితాన్ని కొంచెం వాల్చి చూస్తూ ఉండండి. రెండూ పాకి పాకి ఎదురయ్యే చోట ఆకుపచ్చ పుడుతుంది. ఆరాక రంగుల అంచులు మెత్తగా ఒకదాన్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. దాన్ని ఎవరికీ చూపించక్కర్లేదు, దాచుకోనూ అక్కర్లేదు. అయ్యాక డబ్బాను మళ్లీ బట్టల వెనక పెట్టకండి, టేబుల్ మీదే వదిలేయండి. వచ్చేపోయేటప్పుడు కంటికి కనపడటం కూడా వైద్యమే.

గిల్ట్ పోయాక మొదలుపెడదాం అనుకుంటే మాత్రం ఇంకో ఆరు నెలలు బీరువాలోనే ఉంటుంది. అది ముందు పోదు, వెనకాల పోతుంది. ఐదింటికి మెలకువంటారా, అదేం నష్టం కాదు, ఆ గంట కూడా ఇక మీదే.

ఒకవేళ ఈ పాప భయం రోజూ గంటలు గంటలు తినేస్తుంటే, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయిస్తుంటే, నిద్ర, ఉద్యోగం దెబ్బతింటుంటే, అది ఓసీడీలో, అంటే వద్దన్నా ఆగని ఆలోచనలు, చేసిందే చేయించే మానసిక సమస్యలో, ఒక రకం కావచ్చు. సైకాలజిస్టునో, సైకియాట్రిస్టునో కలవండి. భయాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొంటూ, దాన్ని దించుకోవడానికి చేసే పనులను ఆపడం నేర్పే పద్ధతి ఉంది, బాగా పరీక్షకు నిలిచిన పద్ధతే.

ప్రశ్న: మేడమ్, నాకు 41. ఏడాదిన్నర క్రితం మతం వదిలేశాను. జీవితంలో ఇరవై ఏళ్లు బోధలకీ, సేవకీ పోసేశానని కసి. అందుకే గిటార్, రన్నింగ్, ఫొటోగ్రఫీ, ఈత, ఒక కొత్త భాష, ఐదూ ఒకేసారి మొదలుపెట్టాను. ఎక్సెల్ షీట్ ఉంది, రోజూ దేనికి ఎన్ని నిమిషాలో రాస్తాను. గిటార్ ఒక్కరోజు తప్పినా రాత్రి నిద్ర పట్టదు. మొన్న రన్నింగ్‌లో మోకాలు పట్టేసింది. ఏడుపొచ్చింది, నొప్పికి కాదు, షీట్‌లో ఎర్ర గడి పడుతుందని. సంతోషంగా ఉండాలనే కదా ఇదంతా మొదలుపెట్టాను, మరి సంతోషం ఏదీ?

జవాబు: ఆ షీట్‌లో 'గిటార్' అని ఉన్న చోట 'ప్రార్థన' అని మార్చి ఒకసారి చదవండి. తేడా ఏమైనా కనిపించిందా?

మీరు మతం వదిలారు గానీ టైమ్‌టేబుల్‌ను వెంట తెచ్చుకున్నారు. హాజరు, లెక్క, తప్పితే పశ్చాత్తాపం, అన్నీ అవే. పెనం మీంచి పొయ్యిలో పడటమంటే ఇదే, కాకపోతే ఈ పొయ్యి మీరే వెలిగించుకున్నారు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, మంచి పని చేస్తే మార్కులు పడాలని చిన్నప్పటి నుంచి అలవాటైన ప్రాణం, మార్కులు వేసేవాళ్లు లేకపోతే తనే వేసుకుంటుంది.

దీని మీద 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగం ఒకటుంది. నర్సరీ పిల్లల్లో స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టం ఉన్నవాళ్లను ఎంచుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు, ఇచ్చారు కూడా. కొందరికేమీ చెప్పకుండా చివర్లో ఇచ్చారు, మిగిలినవాళ్లకు ఏమీ ఇవ్వలేదు. వారం రెండు వారాల తర్వాత మళ్లీ పెన్నులు మామూలుగా ముందు పెట్టి గమనిస్తే, సర్టిఫికెట్ కోసం వేసిన పిల్లలు వాటితో గడిపిన సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగమే. అంతకుముందు ఊరికే ఇష్టంగా వేసినవాళ్లే వాళ్లంతా! మీ ఎక్సెల్ షీటు ఆ రిబ్బను సర్టిఫికెట్టేనండీ, రోజుకొకటి చొప్పున మీకు మీరే ఇచ్చుకుంటున్నారు.

నేనైతే షీటు డిలీట్ చేయమంటాను. ఇప్పుడే, ఈ పేరా చదవడం ఆపి. ఐదింటిలో మూడు ఆపేయండి. ఏ మూడు అని నన్ను అడగొద్దు, మోకాలు ఒకటి ఇప్పటికే చెప్పేసింది. మిగిలిన రెండింటిలో కూడా "తర్వాతి మెట్టు" అనే మాట కొన్నాళ్లు పక్కన పెట్టండి. మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ అనే మనస్తత్వవేత్త 1970లలో కొండలెక్కేవాళ్లను, చదరంగం ఆడేవాళ్లను, డాన్సర్లను, సర్జన్లను కూర్చోబెట్టి, ఆ పని చేస్తున్నప్పుడు ఎలా ఉంటుందని అడిగితే, ఒక్కటే మాట తిప్పి తిప్పి చెప్పారట, ఆ పనిలో పడితే టైమ్ తెలియదు, నేను అనే ధ్యాస ఉండదు అని. దానికి ఆయన 'ఫ్లో' అని పేరు పెట్టారు. పక్కన గడియారం పెట్టుకుని నిమిషాలు రాసుకునేవాడికి టైమ్ తెలియకుండా ఎలా పోతుంది?

ఇక ఆ ఇరవై ఏళ్లు. అవి రావు. ఐదు హాబీలు కాదు, యాభై పెట్టుకున్నా రావు. ఈ మాట రాయడానికి నాకే చేయి ఆడలేదు, ఎందుకంటే నా లెక్కలో కూడా అలాంటివి పదిహేను దాకా ఉన్నాయి. దానికి దుఃఖపడాలి, నిజంగా ఒక రోజు కూర్చుని దుఃఖపడాలి, పరిగెత్తితే అది వెనకే పరిగెత్తుకొస్తుంది.

ప్రశ్న: నమస్తే మేడమ్. సమస్య నాది కాదు, మా ఆవిడది. నేను మతం పట్టింపు పెద్దగా లేని ఇంట్లో పెరిగాను. తను చాలా స్ట్రిక్టు ఇంట్లోంచి వచ్చి, మా పెళ్లికి ముందే అవన్నీ వదిలేసింది. కానీ టీవీలో సినిమా పెడితే ప్రతిసారీ "ఇది చూడొచ్చా?" అని నన్ను అడుగుతుంది. చూడొచ్చు అంటాను. పది నిమిషాలకు మళ్లీ అదే. మధ్యలో లేచి వెళ్లిపోతుంది. మొదట్లో ముద్దుగా అనిపించేది, ఇప్పుడు విసుగొస్తోంది, విసుక్కున్నాక నాకే బాధేస్తోంది.

జవాబు: మీరు మంచి మనసుతోనే "చూడొచ్చు" అంటున్నారు గానీ, అలా అన్న ప్రతిసారీ పర్మిషన్ ఇచ్చే పెద్దమనిషి కుర్చీలో మిమ్మల్ని మీరే కూర్చోబెట్టుకుంటున్నారు. పాత పెద్దలు పోయారు, కొత్త పెద్ద మీరు. మీ జవాబుతో ఆవిడకు కాసేపు ఊరట, అది దిగిపోగానే మళ్లీ ప్రశ్న. ఎంత ఊరట ఇస్తే అంత అడగాలనిపిస్తుంది.

కాబట్టి ఈసారి అడిగితే "నీకు చూడాలనుందా?" అనండి, వెటకారం లేకుండా. మొదట్లో ఆవిడకు జవాబు దొరకదు, కంగారు పడకండి. నాకేం కావాలి అని ఆలోచించుకోవడమే అహంకారం అని పెరిగినవాళ్లకు ఆ ప్రశ్న నిజంగానే కష్టం. లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి, వెనకాలే వెళ్లి పిలవొద్దు, సినిమా ఆపి ముఖం మాడ్చుకోవద్దు. మీ మానాన మీరు చూసి నవ్వుకుంటూ ఉండండి. తిరిగొస్తే పక్కన చోటుండాలి, "ఏమైంది?" అనే విచారణ ఉండకూడదు. రిమోట్ మాత్రం ఆవిడ చేతికివ్వండి. సినిమా బాగోలేదని ఆపేసే హక్కు కూడా ఆవిడకు కొత్తదే, చివరిదాకా కూర్చోకపోతే తప్పు అనే చోటి నుంచి వచ్చిన మనిషి కదా.

ఆ విసుగు గురించి ఒక్క మాట. అది ఆవిడ మీద కాదు, ఆవిడను అలా పెంచినవాళ్ల మీద అని ఒకసారి పైకి చెప్పండి. ఆవిడ ఇన్నాళ్లూ తన మీదేనని అనుకుంటూ ఉండి ఉంటుంది.

ప్రశ్న: అక్కా, నాకు 22. నాకు వచ్చిన పాటలన్నీ ప్రార్థన పాటలే. ఇప్పుడు నమ్మకం లేదు. కానీ స్నానం చేసేటప్పుడు అవే వస్తాయి నోటికి, బాగుంటాయి కూడా. ఇది హిపోక్రసీనా?

జవాబు: కాదు చెల్లీ, అది నీ గొంతు, అంతే. పాట రాసినవాళ్లది, రాగం కట్టినవాళ్లది, పాడుతున్నంతసేపూ నీది. పాడుకో. పాడుతుంటే పాత భయం లేస్తే కొన్నాళ్లు ఆపి, మాటలు లేకుండా ఆ రాగమే ఊరికే కూనిరాగం తియ్యి. నచ్చిన ముక్క ఉంచుకుని నచ్చనిది వదిలేయడం మనకు అక్కడ కుదరలేదు, ఇక్కడ కుదురుతుంది.

ప్రశ్న: మీ శీర్షిక చూస్తుంటే మతం వదిలేసి షికార్లు చేయండని యువతను రెచ్చగొడుతున్నట్టుంది. ఆటపాటలు మనిషిని దేవుడికి దూరం చేస్తాయని మీకు తెలియదా?

జవాబు: ఎవర్నీ ఏదీ వదలమని నేను చెప్పలేదు, చెప్పను. ఇప్పటికే బయటికి వచ్చినవాళ్లు కాస్త ఊపిరి తీసుకోవడానికి సాయం అడిగితే చేస్తున్నాను. భక్తి ఉండి కూడా హాయిగా ఆడి పాడేవాళ్లు కోట్లమంది ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు.

ఆటల గురించి అడిగారు కాబట్టి చెప్తాను. 1618లో ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్, ఆదివారం ప్రార్థన అయ్యాక జనం డాన్సు చేసుకోవచ్చు, బాణాలు వేసుకోవచ్చు, గెంతులాటలు ఆడుకోవచ్చు అని ప్రకటన ఇచ్చాడు. 1633లో కొడుకు చార్లెస్ దాన్నే మళ్లీ వేశాడు. 1643లో ప్యూరిటన్ల (ఆదివారం ఆటపాటలు పాపమనే కఠిన క్రైస్తవుల) జోరులో ఉన్న పార్లమెంటు, ఆ ప్రకటన అచ్చేసిన పుస్తకాన్ని తలారి చేత తగలబెట్టించమంది. ఇటూ అటూ ఉన్నవాళ్లంతా అదే దేవుణ్ణి నమ్మినవాళ్లేనండీ. కాబట్టి ఇది నమ్మేవాళ్లకీ నమ్మనివాళ్లకీ మధ్య తగాదా అని మీరనుకుంటే పొరపాటు, మీలో మీరే ఇంకా తేల్చుకోలేదు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 18వ అధికరణం మతం మార్చుకునే స్వేచ్ఛ గురించైతే, 24వది విశ్రాంతికీ తీరికకూ ప్రతి మనిషికీ హక్కుందని చెబుతుంది. అందులో అర్హత పరీక్ష ఏమీ లేదు.

ప్రశ్న: మతం వదిలాక మొదలుపెట్టదగ్గ హాబీల లిస్టు ఇవ్వగలరా?

జవాబు: ఇవ్వను. లిస్టులు మీకు చాలామంది ఇచ్చి ఉంటారు.

దానికి బదులు ఒకటి గుర్తు తెచ్చుకోండి. ఏడెనిమిదేళ్లప్పుడు, ఎవరూ చూడట్లేదు అనుకున్నప్పుడు, మీ చేతులు ఏం చేసేవి? ఆ వయసులో ఎవరి ఇష్టం కోసమో చేయడం ఇంకా పూర్తిగా పట్టుబడి ఉండదు. ఈ సంగతే గత ఏడాది ఒకావిడ రాశారు. బోధ జరుగుతున్నంతసేపూ బల్ల కింద చేతులు పెట్టుకుని, పంచిన కరపత్రంతో పడవలు మడిచేదట. ఒకసారి దొరికిపోయి దెబ్బలు తిన్నాక మానేసింది. ఇప్పుడావిడకు 52, కాగితాలు మడిచి కొంగలు చేయడం నేర్చుకుంటోంది. మెడ బాగానే వస్తోందట, తోకే ఇంకా వంకరగా వస్తోంది.